వృద్ధ విశ్వాసుల కోసం వచ్చిన పెద్ద అక్షరాల బైబిలు: వాడి చూసిన తర్వాత

చూపు మందగించిన వృద్ధుల కోసం ఒక క్రైస్తవ ప్రచురణ సంస్థ ప్రత్యేకంగా ముద్రించిన పెద్ద అక్షరాల తెలుగు బైబిలు, దానికి జతగా అరచేతిలో ఇమిడే ఆడియో పెట్టె, వృద్ధాప్యం గురించిన చిన్న ధ్యాన పుస్తకం, ఈ మూడూ ఒకే కట్టగా మా ఇంటికి వచ్చాయి. వీటిని వాడుతున్నది ఎనభై దాటిన మా పెద్దమ్మ. చిన్న వయసులోనే భర్తను, ఆ తర్వాత చేతికందివచ్చిన కొడుకును పోగొట్టుకుని, మిగిలిన అప్పులు తీర్చి, ఆడపిల్లలను చదివించి, ఇన్నేళ్లలో వాక్యం చదవకుండా రోజు మొదలుపెట్టని మనిషి ఆవిడ. అందువల్ల కాగితం, అచ్చు, బైండింగుల గురించి చెప్పబోతున్నా, నేను పట్టుకున్న కొలబద్ద మాత్రం ఒకటే. కష్టాల నడుమ నిలబడి ముసలితనం దాకా విశ్వాసాన్ని నిలుపుకొన్న మనిషి, ఇకమీదట కూడా ఎవరినీ బతిమాలుకోకుండా తన భక్తి జీవితాన్ని తానే నడుపుకోవడానికి ఈ కట్ట ఎంతవరకు తోడ్పడుతుందన్నదే నాకు ముఖ్యం.

విశ్వాసంలో నిలవడానికి వస్తువులతో పనేమిటని కొందరు అడగవచ్చు. అపొస్తలుడైన పౌలు చెరలో ఉండి తన శిష్యుడు తిమోతికి రాసిన రెండవ పత్రికలోని చివరి అధ్యాయం చదివితే ఆ సందేహం తీరుతుంది. "మంచి పోరాటము పోరాడితిని, నా పరుగు కడ ముట్టించితిని, విశ్వాసము కాపాడుకొంటిని" అన్న ఏడవ వచనం విశ్వాసులలో చాలామందికి కంఠతా వచ్చు. అదే మనిషి ఆ తర్వాత ఆరు వచనాలకే, త్రోయలో కర్పు దగ్గర వదిలి వచ్చిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెమ్మని అడుగుతాడు. శీతకాలం రాకముందే రావడానికి ప్రయత్నించమని కూడా చెబుతాడు. సహచరుడు దేమా విడిచి వెళ్లిపోయాడు, విచారణలో మొదటిసారి సమాధానం చెప్పుకోవలసి వచ్చినప్పుడు పక్కన ఎవరూ నిలబడలేదు, చలికాలం దగ్గర పడుతోంది. పరుగు కడముట్టించానని చెప్పుకోగలిగిన ఆ మనిషికి కూడా కప్పుకోవడానికి ఒక బట్ట, చదువుకోవడానికి ఒక గ్రంథం కావలసి వచ్చాయి. కాబట్టి వృద్ధుల చేతిలో పెట్టే బైబిలు ఎలా ఉందన్నది చిన్న విషయం కాదు.

ముందుగా అచ్చు సంగతి చెబుతాను. పెద్ద అక్షరాల పుస్తకమంటే అచ్చక్షరం కొలతలో కనీసం 14 పాయింట్లు, చూపు మరీ తగ్గినవారికైతే 16 నుంచి 18 పాయింట్లు ఉండాలని ముద్రణ రంగంలో సాధారణంగా అనుకునే లెక్క ఒకటి ఉంది. ఆ లెక్క ఇంగ్లీషు అచ్చుకు సరిపోతుంది గానీ తెలుగుకు అలాగే పనికిరాదు, ఎందుకంటే మన అక్షరానికి పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు ఉంటాయి. అక్షరాన్ని పెంచి వరుసల మధ్య ఎడం పెంచకపోతే పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడికి తగిలి రెండూ కలిసిపోతాయి. ఈ బైబిలు కూర్చినవారు ఆ సంగతి గమనించారు. ఒత్తులు పక్కనున్న అక్షరం మీద పడకుండా విడిగా, నిండుగా ఉన్నాయి. చూపు తగ్గినవారిని ఎక్కువగా తికమకపెట్టే ప, ష, స అక్షరాల మధ్య, ధ, థ అక్షరాల మధ్య తేడా స్పష్టంగా కనబడుతోంది. కాగితం మామూలు బైబిలు కాగితం కన్నా కొంచెం మందంగా, మెరుపు లేకుండా, లేత మీగడ రంగులో ఉన్నందువల్ల అవతలి పేజీలోని అచ్చు ఇవతలికి కనబడదు. శుక్లాలు ఉన్నవారికి దీపం వెలుగు కాగితం మీద పడి కళ్లు చెదరడం పెద్ద బాధ, ఇందులో ఆ బాధ లేదు. అయితే రెటీనా మధ్యభాగమైన మాక్యులా దెబ్బతిన్నవారికి చూపు అంచుల్లో మిగిలి సరిగ్గా చూడదలచిన చోటే పోతుంది కాబట్టి, అక్షరం ఎంత పెంచినా కొందరికి అందదు. అలాంటివారి కోసం ఈ పుస్తకం కొనేముందు కంటి వైద్యుణ్ణి అడగడం మంచిది.

ఇక పేజీ అమరిక దగ్గర నాకు కొంత పేచీ ఉంది. పాత బైబిలులో పేజీకి రెండు కాలమ్‌లు ఉండేవి, ఇందులో ఒకటే ఉంది. చదవడానికి ఇదే సులువు. కానీ ఏళ్ల తరబడి ఒకే ప్రతిని చదివినవారికి వచనం ఉన్న చోటు కూడా గుర్తుండిపోతుంది. ఫలానా మాట ఎడమ పేజీలో, కుడి కాలమ్‌లో, అడుగున ఉందని వేళ్లకే తెలిసిపోతుంది. కొత్త ప్రతిలో ఆ ఆనవాళ్లన్నీ చెరిగిపోయి, పెద్దమ్మ మొదట్లో బాగా ఎరిగిన వచనాలను కూడా వెతుక్కోవలసి వచ్చింది. ఇది ఏ ప్రచురణకర్తా తప్పించలేని ఇబ్బంది కాబట్టి నేను తప్పుపట్టను. తప్పించగలిగి కూడా తప్పించని లోపం మార్జిను. అక్షరం పెరిగిన మేరకు పేజీలు పెరగకుండా ఉండటానికి అంచులను బాగా కోసేశారు. పెన్సిలుతో ఒక అంకె వేద్దామన్నా చోటు లేదు.

అది ఎంత లోపమో తెలియాలంటే వృద్ధ విశ్వాసి ఒకరి పాత బైబిలు తెరిచి చూడాలి. పెద్దమ్మ పాత ప్రతిలో 77వ కీర్తన ఏడవ వచనం, "ప్రభువు నిత్యము విడనాడునా? ఆయన ఇకెన్నడును కటాక్షింపడా?" అన్న చోట, అంచున పెన్సిలుతో ఒక తేదీ ఉంది. అది కొడుకు పోయిన తేదీ. దాని కింద వరుసగా మరికొన్ని తేదీలు ఉన్నాయి, కొన్ని పెన్సిలుతో, కొన్ని సిరాతో, పక్కన ఒక్క మాట కూడా లేకుండా. వాటి మధ్య ఎడం దాదాపు మూడేళ్లు, మూడేళ్ల పైచిలుకు. బైబిలులో ఉన్నవి 1189 అధ్యాయాలు; రోజుకొక అధ్యాయం చొప్పున చదివితే మొదటి నుంచి చివరికి రావడానికి మూడేళ్ల మూడు నెలలు పడుతుంది. ఆవిడ ఆదికాండం నుంచి బయలుదేరి, ప్రతి చుట్టులోనూ ఆ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా తేదీ వేసి, మళ్లీ ముందుకు సాగారన్నమాట. విశ్వాసంలో కొనసాగడం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను గానీ, అది రోజువారీగా ఎలా జరుగుతుందో ఆ అంచు చూశాకే నాకు కొంత అర్థమైంది. ఆ ప్రశ్నకు జవాబు దొరికిందని ఆవిడ ఎక్కడా రాయలేదు. ప్రశ్న ఉన్న పేజీని దాటవేయనూ లేదు. ఇప్పుడు కొత్త బైబిలులో చదివి, తేదీ వేయడానికి పాతది తీయవలసి వస్తోంది. వృద్ధుల కోసమే చేసిన పుస్తకంలో రాసుకునే చోటు లేకపోవడానికి కారణం, వృద్ధులు చదువుతారే గానీ ఇక కొత్తగా రాసుకునేది ఏమీ ఉండదని ఎవరో అనుకోవడమేనని నా అనుమానం.

బరువు గురించి పెద్దగా చెప్పనక్కర లేదు. 66 పుస్తకాలూ ఒకే సంపుటంలో ఈ అక్షరంతో రావాలంటే బరువు తప్పదు. ఒళ్లో పెట్టుకుని చదవడం కుదరదు, బల్లో పుస్తకపీటో కావాలి. పాత నిబంధనను రెండు సంపుటాలుగా విడగొట్టి ఉంటే పడక మీద ఉన్నవారికి కూడా పనికొచ్చేది. జిప్పు కవరు చూడటానికి బాగుంది గానీ కీళ్లవాతంతో వంగిన వేళ్లకు ఆ చిన్న జిప్పు పట్టుచిక్కదు. మేము దానికి ఒక రిబ్బను ముక్క కట్టాము. పేజీ గుర్తుకు రెండు దారాలు ఇవ్వడం మాత్రం చదివేవారి అలవాటు తెలిసినవారు చేసిన పని. ఒకటి వరుసగా చదివే చోట, రెండవది కీర్తనల దగ్గర ఉండిపోతుంది.

అనువాదం పాతదే ఉంచారు. ఇది సరైన నిర్ణయమని గట్టిగా చెప్పగలను. యువకులకు వాడుక భాషలో వచ్చిన అనువాదాలు మేలు కావచ్చు, కానీ ఈ వయసులో చదవడమంటే సగం చూడటం, సగం జ్ఞాపకం నుంచి పలకడం. అక్షరం సరిగా కనబడని చోట నాలుక తనంతట తానే వాక్యాన్ని పూర్తి చేస్తుంది. మాటలు మారిస్తే ఆ ఆసరా పోతుంది.

ఆడియో పెట్టెను కొన్న మొదట్లో నేను అదనపు హంగుగానే చూశాను గానీ, వాడుకలో దాని విలువ బైబిలుకు తీసిపోలేదు. నిద్రపట్టని రాత్రివేళ దీపం వేసి, కళ్లద్దాలు వెతికి, బరువైన పుస్తకం తెరవడం సాధ్యం కాదు. తలగడ పక్కన ఉన్న ఈ పెట్టె మీద గుండ్రటి పెద్ద మీట ఒకటి తడిమి నొక్కితే చాలు. మీట అంచు ఎత్తుగా ఉన్నందువల్ల చీకట్లోనూ దొరుకుతుంది. ఆపిన చోటు నుంచే మళ్లీ మొదలవుతుంది. అధ్యాయాన్ని పదేపదే వినిపించే సదుపాయం కూడా ఉంది, దానితో పెద్దమ్మ ఇప్పుడు యెషయా 46వ అధ్యాయాన్ని కంఠస్థం చేస్తున్నారు. "ముదిమి వచ్చువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే" అన్న మాట ఉన్నది ఆ అధ్యాయంలోనే. ఈ వయసులో కంఠస్థం ఏమిటని ఇంట్లో పిల్లలు నవ్వారు. పసితనంలోనే చూపు పోయి, 1820 నుంచి 1915 వరకు జీవించిన క్రైస్తవ గీతాల రచయిత్రి ఫ్యానీ క్రాస్బీ చిన్ననాడే సువార్తలు మొదలుకొని లేఖనంలో పెద్ద భాగాన్ని వినికిడి ద్వారానే మనసుకు ఎక్కించుకుని, జీవితమంతా ఆ నిల్వ మీదనే రాశారు. చూపు రేపు ఇంకా తగ్గుతుందని తెలిసిన మనిషి ఇప్పుడే కొంత కూడబెట్టుకోవడం తెలివైన పని అనే నేను అంటాను.

అయితే పెట్టెలో ఒక తెలివితక్కువ ఏర్పాటు ఉంది. బైబిలు పఠనం రెండు విధాలుగా నింపి ఇచ్చారు. ఒకదానిలో సంగీతం, గాలివాన శబ్దాలు, పాత్రకొక గొంతు ఉంటాయి. రెండవదానిలో ఒకే గొంతు సాదాగా చదువుతుంది. పెట్టె తెరవగానే మొదలయ్యేది సంగీతంతో కూడినది. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా పోయేవి హెచ్చు స్థాయి ధ్వనులు. స, శ వంటి హల్లులు అందక, మాట్లాడుతున్నారని తెలుస్తుంది గానీ ఏమంటున్నారో తెలియదు. దాని మీద వాద్యాలు కూడా కలిస్తే మాట పూర్తిగా మునిగిపోతుంది, శబ్దం పెంచినా ప్రయోజనం ఉండదు. దావీదు రాజు యెరూషలేముకు రమ్మని ఆదరంగా పిలిచినప్పుడు ఎనభై ఏళ్ల బర్జిల్లయి చెప్పిన జవాబు ఈ పెట్టె తయారుచేసినవారు చదివి ఉండవలసింది. తినేదాని రుచీ తెలియదు, గాయకుల స్వరమూ వినబడదు, నేను నీకు భారం ఎందుకు కావాలని ఆ పెద్దాయన రెండవ సమూయేలు 19వ అధ్యాయంలో మర్యాదగా తప్పుకుంటాడు. సాదా పఠనానికి మార్చాలంటే రెండు చిన్న మీటలను ఒకేసారి కాసేపు నొక్కి పట్టుకోవాలి. అది నేను చేసిపెట్టాను. ఒంటరిగా ఉండేవారికి ఎవరు చేసిపెడతారు? బ్యాటరీ పూర్తిగా అయిపోయినప్పుడు మాత్రం పెట్టె తన గుర్తునంతా కోల్పోయి ఆదికాండము మొదటి అధ్యాయానికి వెళ్లిపోతుంది. "ఆదియందు" అని వినబడితే చార్జింగు పెట్టే వేళ దాటిపోయిందని మా ఇంట్లో అందరికీ అర్థం.

ఇక ధ్యాన పుస్తకం. ఈ కట్టలో నన్ను నిరాశపరిచింది ఇదే, కాబట్టి దీని గురించి కొంత విపులంగా చెప్పాలి. భాష బాగుంది, అచ్చు కూడా బైబిలు అంత పెద్దదే. లోపం ఎంపికలో ఉంది. వృద్ధాప్యం గురించి లేఖనంలో ఉన్న వెలుగు మాటలన్నీ ఏరి, చీకటి మాటలన్నీ వదిలేశారు. 92వ కీర్తనలోని నీతిమంతులు ముసలితనంలో కూడా చిగురు పెడతారన్న వచనం ఉంది, ఉండవలసిందే. 71వ కీర్తన నుంచి రాబోయే తరానికి దేవుని బాహుబలాన్ని చెబుతానన్న భాగం ఉంది. కానీ అదే కీర్తనలో, అదే మనిషి, "వృద్ధాప్యమందు నన్ను విడనాడకుము, నా బలము క్షీణించినప్పుడు నన్ను విడువకుము" అని బతిమాలుకున్న తొమ్మిదవ వచనం లేదు. ఆ భయం చెప్పుకోకుండా ఆ ధైర్యం రాలేదన్న సంగతి కీర్తన మొత్తం చదివితేనే తెలుస్తుంది. 150 కీర్తనలలో దాదాపు మూడోవంతు విలాపాలే. 88వ కీర్తన అయితే చీకటి అన్న మాట దగ్గరే ముగుస్తుంది, చివర్లో ఆదరణ వచనం కూడా లేదు. వాటిలో ఒక్కటీ ఈ పుస్తకంలోకి రాలేదు. కష్టాలు చూడని వృద్ధుల కోసం దీన్ని రాశారేమో అనుకోవాలి, అలాంటి వృద్ధులు ఎక్కడుంటారో నాకు తెలియదు.

ఆదర్శంగా ఎంచుకున్న మనుషుల విషయంలోనూ ఇదే ధోరణి. 85 ఏళ్ల వయసులో, మోషే తనను పంపిన నాటి బలమే ఈనాడూ నాకు ఉందని చెప్పి కొండసీమను అడిగిన కాలేబుకు రెండు అధ్యాయాలు ఇచ్చారు. నడుము విరిగి మంచాన పడినవారు ఆ రెండు అధ్యాయాలు చదివి ఏం చేయాలి? హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం విశ్వాసవీరుల పట్టికలో యాకోబు గురించి చెప్పడానికి ఎంచుకున్న దృశ్యం వేరు. యబ్బోకు రేవు దగ్గర దేవునితో చేసిన పెనుగులాటను వదిలి, అవసానకాలంలో చేతికర్ర మొదలు మీద ఆనుకుని మనుమలను దీవించి నమస్కరించిన ముసలివాణ్ణి చూపించింది. అతనికి ఈ పుస్తకంలో ఒక్క పేరా కూడా దక్కలేదు. సుమారు 155వ సంవత్సరంలో హతసాక్షి అయిన స్ముర్న సంఘాధ్యక్షుడు పోలికార్పు కథ ఉంది. కానీ కథ అంతా చివరి గంట చుట్టూ, మంటల చుట్టూ తిరిగింది. క్రీస్తును దూషించి బయటపడమని రోమా అధిపతి చెప్పినప్పుడు పోలికార్పు ఇచ్చిన జవాబులో నాకు బరువైనదిగా అనిపించే మాట 86 సంవత్సరాలు క్రీస్తును సేవించానన్నది. ఆ ఎనభై ఆరేళ్లలో మంటలు లేని మామూలు రోజులే ఎక్కువ ఉండి ఉంటాయి. చదివే వృద్ధులకు కావలసింది ఆ రోజుల సంగతే.

స్వస్థత గురించిన అధ్యాయం చదివాక మాత్రం నాకు కోపం వచ్చింది. విశ్వాసం సంపూర్ణంగా ఉంటే దేహం కూడా కుదుటపడుతుందన్న అర్థం వచ్చేలా అందులో రాశారు. ఏళ్ల తరబడి ప్రార్థించినా తగ్గని నొప్పితో ఉన్నవారి మీద ఇది నొప్పికి తోడు నిందను కూడా మోపుతుంది. పౌలు తన దేహంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు, నా కృప నీకు చాలునన్న మాట మాత్రం దొరికింది. నేను పైన చెప్పిన తిమోతి పత్రికలోని ఆ చివరి అధ్యాయంలోనే, విశ్వాసం కాపాడుకున్నానని రాసిన అదే కలం, తన సహచరుడు త్రోఫిము రోగియై ఉండగా అతణ్ణి మిలేతులో విడిచి వచ్చానని కూడా రాసింది. అతని విశ్వాసం చాలలేదని పౌలు అనలేదు. పెద్దమ్మ ఆ అధ్యాయం విని, "రాసినాయనకు ఇంకా మోకాళ్ల నొప్పులు మొదలుకాలేదేమోలే, నాయనా" అని పుస్తకం పక్కన పెట్టేశారు. నేను అంత సులువుగా పక్కన పెట్టలేకపోతున్నాను, ఎందుకంటే ఆవిడ కన్నా విశ్వాసంలో అలసిపోయి ఉన్నవారి చేతిలోకి కూడా ఇదే కట్ట వెళుతుంది.

సంస్థ సేవ గురించి ఒక మాట చెప్పాలి. పెట్టెలో చార్జింగు తీగ పెట్టే చోటు వదులైపోతే ఫోను చేశాము. వాదన లేకుండా తీసుకుని వేరేది పంపారు, కొత్తదానిలో సాదా పఠనం మొదట వచ్చేలా మార్చి పంపమంటే అది కూడా చేశారు. అడిగితే చేస్తున్నారంటే అందరికీ అలాగే పంపడం కష్టం కాదన్నమాట. కంటిచూపు తగ్గినా అచ్చు చదవగలిగినవారికి బైబిలును, రాత్రుళ్లు నిద్రపట్టనివారికి పెట్టెను నేను ధైర్యంగా సిఫారసు చేస్తాను. పడక మీద నుంచి లేవలేనివారికైతే బైబిలు వద్దు, పెట్టె ఒక్కటే చాలు. ప్రస్తుతం మూడింటినీ కలిపే అమ్ముతున్నారు కాబట్టి, తల్లిదండ్రుల కోసం కొనేవారు ధ్యాన పుస్తకాన్ని ముందు తామే చదివి, స్వస్థత అధ్యాయం ఇవ్వాలో వద్దో నిర్ణయించుకోవాలి. మార్జిను, విడి సంపుటాలు, విలాప కీర్తనలు, ఈ మూడు విషయాల మీద సంస్థకు ఉత్తరం రాశాను. తర్వాతి ముద్రణలో పరిశీలిస్తామని జవాబు వచ్చింది. తొందర లేనివారు ఆ ముద్రణ వచ్చేదాకా ఆగవచ్చు, తొందర ఉన్నవారు మాత్రం ఆగనక్కర లేదు.